గోదాములో ఏముందో ఎవరికి తెలుసు?

2022 జూన్ 4, శనివారం రాత్రి. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ దగ్గర సీతాకుండలో ఒక కంటైనర్ డిపోలో మంటలు లేచాయి. అగ్నిమాపక సిబ్బంది వచ్చారు. మామూలు సరుకే తగలబడుతోందనుకుని దగ్గరికి వెళ్లి నీళ్లు కొట్టడం మొదలుపెట్టారు. కాసేపటికి కంటైనర్లు పేలాయి. మొత్తం సుమారు 50 మంది చనిపోయారు, వారిలో ఫైర్ సిబ్బందే పలువురు. లోపల హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉందన్న సంగతి తమకు ఎవరూ చెప్పలేదని ఆ శాఖ అధికారులు తర్వాత వాపోయారు.

నిజానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ మంటల్లో చిక్కుకుంటే నీళ్లు కొట్టడం తప్పేమీ కాదు. కొట్టాల్సింది నీళ్లే. కానీ దూరం నుంచి, మనుషుల్ని వెనక్కి పంపేసి కొట్టాలి. అంటే ఆ రాత్రి ఫైర్ సిబ్బందికి కావాల్సింది ఒక్క కాగితం: ఏ వరసలో, ఏ కంటైనర్‌లో, ఏ రసాయనం, ఎంత ఉందో చెప్పే జాబితా. అది వాళ్ల చేతికి అందలేదు.

కెరియర్ పేజీలో ఈ ప్రమాదం సంగతి ఎందుకు అంటారా? ఆ జాబితాను తయారుచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిని నడిపే ఉద్యోగాలూ ఉన్నాయి. హైదరాబాద్ చుట్టూ జీడిమెట్ల, పాశమైలారం నుంచి విశాఖ దగ్గరి పరవాడ వరకు మందుల కంపెనీలు, పురుగుమందులు, రంగులు, సాల్వెంట్లు నిల్వ చేసే గోదాములు ఎన్నో. ఇంకోపక్క అమీర్‌పేటలో ఎస్‌ఏపీ కోర్సులో చేరిన వాళ్లు వేలల్లో. ఈ రెండింటినీ కలిపి ఆలోచించే అభ్యర్థులు మాత్రం తక్కువ. కెమిస్ట్రీ చదివిన వాళ్లు ‘అది ఐటీ పని’ అనుకుంటారు. ఐటీ కోర్సు చేసిన వాళ్లు ‘అది సేఫ్టీ వాళ్ల పని’ అనుకుంటారు. ఆ మధ్యలో ఖాళీగా ఉన్న కుర్చీ గురించే ఈ వ్యాసం.

ఒక డ్రమ్ము గేటు దాటితే

గోదామును నడిపే సాఫ్ట్‌వేర్‌ను వేర్‌హౌస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. ఎస్‌ఏపీలో దీన్ని ఈడబ్ల్యూఎం అని పిలుస్తారు. ఒరాకిల్, బ్లూ యాండర్, మన్‌హటన్ వంటి కంపెనీలకూ ఇలాంటివి ఉన్నాయి. మామూలు సరుకు విషయంలో ఇది చేసే పని సులువుగానే అర్థమవుతుంది. సరుకు వచ్చింది, బార్‌కోడ్ స్కాన్ చేశారు, ఏ ర్యాక్‌లో ఖాళీ ఉందో సిస్టమ్ చెప్పింది, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ తీసుకెళ్లి పెట్టాడు. బియ్యం బస్తాలకూ సబ్బు డబ్బాలకూ ఇంతే.

ప్రమాదకర సరుకుకు ఇది చాలదు. ఖాళీ ఎక్కడుందో చూసే ముందు పక్కన ఏముందో చూడాలి. అందుకే ప్రతి రసాయనానికీ సిస్టమ్‌లో అదనంగా కొన్ని గడులు ఉంటాయి. ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఇచ్చే నాలుగంకెల యూఎన్ నంబర్, తొమ్మిది ప్రమాద తరగతుల్లో అది దేనికి చెందుతుంది, ప్యాకింగ్ గ్రూప్ ఎంత, ఫ్లాష్ పాయింట్ ఎంత, ఏయే సరుకుల పక్కన ఉంచకూడదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ఉదాహరణకు ఎసిటోన్‌ది 1090, తరగతి 3, అంటే మండే ద్రవం. అమ్మోనియం నైట్రేట్‌ది 1942, తరగతి 5.1, అంటే తాను ఆక్సిజన్ ఇచ్చి మంటను పెంచేది. ఈ రెండింటినీ ఒకే గదిలోకి పంపమని ఎవరైనా అడిగితే సిస్టమ్ ఒప్పుకోకూడదు. లోపల ఒక పట్టిక ఉంటుంది. అడ్డంగా తరగతులు, నిలువుగా తరగతులు, ఏది దేనితో కలవొచ్చో, ఎంత దూరం ఉండాలో అందులో రాసి ఉంటుంది. డ్రమ్ముకు చోటు ఇచ్చే ప్రతిసారీ సిస్టమ్ ఆ పట్టిక చూస్తుంది.

ఇంకో లెక్క కూడా చూస్తుంది. మన దేశంలో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు 1989 నుంచి ఉన్నాయి. ఏ రసాయనం ఎంత పరిమాణం దాటితే ఏ బాధ్యతలు మొదలవుతాయో అందులో షెడ్యూళ్లుగా ఇచ్చారు. విడిగా నిల్వ చేసేచోట క్లోరిన్‌కు తొలి హద్దు 10 టన్నులు, అమ్మోనియాకు 60 టన్నులు. ఒకే రసాయనం నాలుగు ర్యాకుల్లో, మూడు బ్యాచ్‌లుగా, రెండు వేర్వేరు కస్టమర్ల పేర్ల మీద ఉంటే మనిషి కూడికలో పొరపాటు రావొచ్చు. సిస్టమ్ అన్నీ కలిపి హద్దు దగ్గరపడుతుండగానే హెచ్చరిస్తుంది.

ఎస్‌ఏపీ పుట్టింది జర్మనీలో. అక్కడ గోదాముల నిల్వకు సంబంధించిన నియమాలు చాలా వివరంగా ఉంటాయి. దాని గోదాము మాడ్యూల్‌లో పాత రోజుల నుంచీ ఫైర్ డిపార్ట్‌మెంట్ కోసమే ఒక ప్రత్యేక జాబితా ఉంది. ఏ అగ్ని విభాగంలో ఏ ప్రమాదకర సరుకు ఎంత ఉందో ఒక్క ఆదేశంతో ప్రింట్ వస్తుంది. సీతాకుండలో లేని కాగితం సరిగ్గా ఇలాంటిదే. అయితే చాలా కోర్సుల్లో దీన్ని అర నిమిషంలో దాటేస్తారు. ఈ మాట కోచింగ్ సెంటర్ల వాళ్లకు నచ్చకపోవచ్చు.

క్లాస్ 8 పక్కన క్లాస్ 8

ఇంతవరకు చదివితే సిస్టమే అంతా చూసుకుంటుంది కదా అనిపిస్తుంది. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

ఒక గోదాముకు ఒకేరోజు రెండు లోడ్లు వచ్చాయనుకోండి. మొదటిది హైడ్రోక్లోరిక్ ఆసిడ్, యూఎన్ నంబర్ 1789. రెండోది నీటి శుద్ధికీ బట్టల బ్లీచింగ్‌కూ వాడే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, యూఎన్ నంబర్ 1791. రెండూ తరగతి 8కి చెందినవే, తినేసే స్వభావం ఉన్నవే. తరగతుల పట్టిక మాత్రమే పెట్టుకున్న సిస్టమ్ ఏమంటుంది? రెండూ ఒకే జాతి, పక్కపక్కన పెట్టుకోండి అంటుంది. పచ్చ లైటు వెలుగుతుంది. రేపు ఒక క్యాన్ కారి ఇంకోదానితో కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. బాత్రూమ్ కడిగే ఆసిడ్, బ్లీచింగ్ కలపకూడదని ఇంట్లో అమ్మ చెప్పే జాగ్రత్తే ఇది. అమ్మకు తెలిసింది సిస్టమ్‌కు తెలియదు, ఎందుకంటే దానికి ఎవరూ చెప్పలేదు.

సముద్ర రవాణా నియమావళి దీన్ని ముందే గుర్తించింది. తరగతులతో పాటు ఆసిడ్లు, హైపోక్లోరైట్లు, సయనైడ్లు అంటూ విడిగా గ్రూపులు చేసి, ఫలానా గ్రూపును ఫలానా గ్రూపుకు దూరంగా ఉంచమంది. ఈ గ్రూపుల గడి గోదాము సాఫ్ట్‌వేర్‌లో ఉందా, ఉంటే నింపారా అన్నది ఒక మనిషి చేతిలో ఉంటుంది. మాస్టర్ డేటా నింపే మనిషి చేతిలో.

ఆ మనిషి ఎక్కడ చూసి నింపుతాడు? ప్రతి రసాయనంతో పాటు వచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో. అందులో 16 భాగాలుంటాయి. 7వ భాగంలో నిల్వ జాగ్రత్తలు, 9లో ఫ్లాష్ పాయింట్ లాంటి భౌతిక లక్షణాలు, 10లో దేనితో కలిస్తే ప్రమాదమో, 14లో యూఎన్ నంబరూ తరగతీ ఉంటాయి. హడావుడిలో చాలామంది 14వ భాగం ఒక్కటే చూసి నింపేస్తారు. ఎందుకంటే సిస్టమ్ అడిగే గడులు అక్కడే వరసగా దొరుకుతాయి. ఆసిడ్, హైపోక్లోరైట్ గొడవ ఉండేది మాత్రం 10లో.

టైపింగ్ తప్పు ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది. టోలీన్ ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీలు. అంటే 4 డిగ్రీలు దాటిన ఏ వాతావరణంలోనైనా దాని ఆవిరి నిప్పురవ్వకు అంటుకుంటుంది. దాన్ని ఎవరో 40 అని కొట్టారనుకోండి. మన పెట్రోలియం నిబంధనల ప్రకారం 23 డిగ్రీల కంటే తక్కువైతే క్లాస్ ఏ, 23 నుంచి 65 లోపు క్లాస్ బీ. ఒక సున్నా ఎక్కువ పడటంతో అది ఏ నుంచి బీకి వెళ్లిపోయింది. సిస్టమ్ దాన్ని తక్కువ కట్టుదిట్టమైన గదికి పంపుతుంది, అదీ పూర్తి నమ్మకంతో. అంకె తప్పని సిస్టమ్‌కు అనుమానం రాదు. కెమిస్ట్రీ చదివిన అమ్మాయికి వస్తుంది. ‘టోలీన్‌కి 40 ఏంటి?’ అని ఆగి చూస్తుంది. కంపెనీ ఆ అమ్మాయికి జీతం ఇచ్చేది ఆ ఒక్క క్షణం అనుమానం కోసమే అంటే అతిశయోక్తి కాదు.

పేరు ఒకటే అయినా సరుకు ఒకటి కాకపోవచ్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్ 20 నుంచి 60 శాతం లోపు గాఢత ఉంటే ఒక యూఎన్ నంబర్, 60 శాతం దాటితే వేరే నంబర్. కొనుగోలు విభాగం వాళ్లు ధర బాగుందని సప్లయర్‌ను మార్చి, 50 శాతానికి బదులు 70 శాతం తెప్పిస్తే, పాత మెటీరియల్ కోడ్ మీదే ఇన్వార్డ్ చేస్తే, సిస్టమ్‌లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ చూడని మూలలు

డేటా అంతా సరిగ్గా నింపారు. పట్టిక కూడా పక్కాగా ఉంది. అయినా కొన్ని మూలలు మిగిలిపోతాయి. గోదాముల్లో పనిచేసే వాళ్లను కదిపితే ముందుగా చెప్పేది దించే చోటు గురించే. సిస్టమ్ తనిఖీ చేసేది డ్రమ్ముకు ర్యాక్‌లో స్థానం కేటాయించేటప్పుడు. లారీ నుంచి దించి ర్యాక్‌కు చేర్చేదాకా ఆ సరుకు డాక్ దగ్గర నేల మీద ఉంటుంది. శనివారం సాయంత్రం నాలుగు లారీలు ఒకేసారి వస్తే, హమాలీలు తక్కువైతే, ఆ సరుకు సోమవారం దాకా అక్కడే ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆక్సిడైజర్ పక్కన సాల్వెంట్, దాని పక్కన చెక్క ప్యాలెట్లు. సిస్టమ్ తెరమీద మాత్రం ‘రిసీవింగ్ ఏరియా’ అని ఒకే ఒక్క పేరు.

ఖాళీ డ్రమ్ములు మరో మూల. స్టాక్ లెక్కలో వాటి విలువ సున్నా. కానీ అడుగున మిగిలిన సాల్వెంట్ ఆవిరితో నిండిన ఖాళీ డ్రమ్ము, నిండు డ్రమ్ము కంటే ఎక్కువ ప్రమాదం కావొచ్చు. దాన్ని కోయడానికి వెల్డింగ్ టార్చ్ పెడితే ఏమవుతుందో పారిశ్రామికవాడల్లో పెరిగిన వాళ్లకు చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద మూల, ఎవరిదీ కాని సరుకు. బేరూట్ ఓడరేవు 12వ నంబర్ గిడ్డంగిలో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ 2014 నుంచి పడి ఉంది. ఓడ ఆగిపోయింది, యజమాని వదిలేశాడు, సరుకు దించి లోపల పెట్టారు. అది అక్కడుందని అధికారులకు తెలుసు. ఉత్తరాలు రాసుకున్నారు కూడా. 2020 ఆగస్టు 4న అది పేలి 200 మందికి పైగా చనిపోయారు. అదే గిడ్డంగిలో బాణసంచా కూడా ఉందని తర్వాత వార్తలొచ్చాయి. పేలుడు పదార్థాల తరగతిని ఆక్సిడైజర్‌తో ఒకే గదిలో ఉంచడానికి ఏ నిల్వ పట్టికా ఒప్పుకోదు. అయినా ఆరేళ్లు గడిచిపోయాయి.

దీని తర్వాత మన దగ్గర ఏం జరిగిందో చాలామంది మరచిపోయారు. చెన్నై మనలిలోని ఒక కంటైనర్ ఫ్రెయిట్ స్టేషన్‌లో, కస్టమ్స్ వాళ్లు 2015లో స్వాధీనం చేసుకున్న అమ్మోనియం నైట్రేట్ దాదాపు 700 టన్నులు 37 కంటైనర్లలో అలాగే ఉందని అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. హడావుడిగా ఈ-వేలం పూర్తిచేసి, బేరూట్ పేలిన ఐదో రోజే తొలి విడతగా 10 కంటైనర్లను రోడ్డు మార్గంలో పంపించారు. ఎక్కడికి? మన హైదరాబాద్‌కే. చట్టబద్ధంగా వాడుకునే సంస్థకే వెళ్లింది కాబట్టి అందులో తప్పు లేదు. ఆలోచించాల్సింది మధ్యలోని ఐదేళ్ల గురించి. స్వాధీనం చేసుకున్న సరుకు ఏ కంపెనీ స్టాక్ లెక్కలోనూ ఉండదు. అమ్మకానికి వీల్లేదు కాబట్టి ఎవరూ దాన్ని వెతకరు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అది ‘బ్లాక్డ్ స్టాక్’. బ్లాక్ చేసిన సరుకు ఎన్ని రోజులైందో చెప్పే రిపోర్టును ప్రతి సోమవారం తీసి చూడటం పెద్ద టెక్నాలజీ ఏమీ కాదు. కానీ అది ఎవరి టేబుల్ మీదికి వెళ్లాలో రాసిపెట్టి ఉండాలి.

ఎంత ఉందో తెలుసు, ఎలా ఉందో?

విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ ఘటన గోదాముది కాదు, ట్యాంకుది. అయినా ఈ విషయంలో అంతకంటే దగ్గరి పాఠం లేదు. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చి 12 మంది ప్రాణాలు తీసింది. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగి ఉంది. ట్యాంకులో ఎంత స్టైరీన్ ఉందో రికార్డుల్లో ఉంది. కానీ స్టైరీన్ ఉన్నట్టుండి తనంతట తానే గట్టిపడే చర్య మొదలుపెట్టకుండా ఆపే నిరోధకం తగ్గిపోయింది. ట్యాంకు పైభాగంలో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. కింద చల్లగా ఉన్నట్టు కనిపిస్తుంటే పైన వేడెక్కుతూ పోయింది.

గోదాము సాఫ్ట్‌వేర్ పుట్టింది పరిమాణం లెక్కపెట్టడానికి. ఎంత ఉంది, ఎక్కడ ఉంది అన్నది దానికి బాగా తెలుసు. సరుకు ఏ స్థితిలో ఉందన్నది దానికి సహజంగా తెలిసే విషయం కాదు. అది విడిగా నేర్పాలి. నిరోధకం ఎప్పుడు పరీక్షించారు, మళ్లీ ఎప్పుడు పరీక్షించాలి, ఏ ఉష్ణోగ్రత దాటితే ఎవరి ఫోన్ మోగాలి అన్నవి బ్యాచ్ రికార్డుకు జతచేయాలి. ఇప్పుడు ఉష్ణోగ్రత సెన్సర్లను నేరుగా సిస్టమ్‌కు కలిపే ప్రాజెక్టులు వస్తున్నాయి. ఐఓటీ ప్రాజెక్టు చేసిన ఇంజినీరింగ్ విద్యార్థులు గది లైట్లు ఆర్పే ప్రాజెక్టునే మళ్లీ మళ్లీ చేయడం మాని ఇటు చూస్తే బాగుంటుంది. సెన్సర్ ఎక్కడ బిగించాలన్నది మాత్రం కోడింగ్ తెలిసినంత మాత్రాన తెలియదు. ట్యాంకు పైన వేడెక్కుతుంటే కింద పెట్టిన సెన్సర్ నిజమే చెబుతుంది, కానీ కింది సంగతి చెబుతుంది.

జాబితా ఎవరి చేతికి?

2015 ఆగస్టు 12న చైనాలోని తియాన్‌జిన్ ఓడరేవులో ప్రమాదకర సరుకుల గోదాము పేలింది. 165 మంది చనిపోయారు, మరో 8 మంది ఆచూకీ దొరకలేదు. వారిలో ఎక్కువమంది ఫైర్ సిబ్బంది, పోలీసులే. తడిగా ఉంచాల్సిన నైట్రోసెల్యులోజ్ ఆరిపోయి తనంతట తానే అంటుకుందని దర్యాప్తులో తేలింది. లోపల ఏమేమి ఉన్నాయో చెప్పడానికి అధికారులకు చాలా సమయం పట్టింది. గోదాము ఆఫీసు దెబ్బతింది. కంపెనీ రికార్డులకూ కస్టమ్స్ రికార్డులకూ పొంతన కుదరలేదు.

అందువల్ల జాబితా ఉండటం ఒక్కటే సరిపోదు. అది మంటలంటుకునే భవనం బయట ఉండాలి. మన 1989 నిబంధనల్లో ప్లాంటు లోపల అత్యవసర ప్రణాళిక యాజమాన్యం బాధ్యత, బయటి ప్రణాళిక జిల్లా యంత్రాంగం బాధ్యత అని ఉంది. ఆ ప్రణాళికలు ఫైళ్లలో ఉంటాయి. గోదాములో స్టాక్ మాత్రం గంటగంటకూ మారుతుంది. భోపాల్ ప్రమాదం తర్వాత అమెరికా 1986లో చేసిన చట్టం ప్రకారం, పరిమితి దాటిన ప్రమాదకర రసాయనాల వివరాలు ప్రతి ఏటా స్థానిక ఫైర్ స్టేషన్‌కు కూడా చేరాలి. మన భోపాల్ నుంచి వాళ్లు నేర్చుకున్న పాఠం అది. ఏడాదికోసారి ఇచ్చే లెక్క కూడా ఈరోజుల్లో పాతబడిందే. ప్రతి రాత్రి 12 గంటలకు గోదాము సిస్టమ్ తనంతట తాను ఒక జాబితా తీసి దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌కు పంపడం సాంకేతికంగా ఒక చిన్న పని. చేయాలన్న నిబంధన ఎవరు పెడతారన్నదే ప్రశ్న. గ్రూప్స్ మెయిన్స్‌కు విపత్తు నిర్వహణ చదివేవాళ్లు దీన్ని ఒక సమాధానంగా రాసుకోవచ్చు.

ఇదంతా సిస్టమ్ ఉన్న గోదాముల సంగతి. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది భాగంలో ఉంచిన రసాయన డ్రమ్ములకు మంటలంటుకుని పైన కాపురముంటున్న కుటుంబాల్లో తొమ్మిది మంది చనిపోయారు. అలాంటి చోట ఏ ఈడబ్ల్యూఎం ఉంటుంది? మన నగరాల్లో ఇలా ఏ కంప్యూటర్‌లోకీ ఎక్కని సరుకు చాలా ఉంది. దానికి కావాల్సింది సాఫ్ట్‌వేర్ కంటే ముందు తనిఖీ. ఈ రెండింటినీ కలగలిపి, సాఫ్ట్‌వేర్ వస్తే అన్నీ బాగుపడతాయని చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

కుర్చీ ఎక్కడుంది?

ఇక ఉద్యోగాల సంగతి. మందుల, పురుగుమందుల, రంగుల కంపెనీలు తమ గోదాములను తామే నడుపుతాయి, లేదా లాజిస్టిక్స్ కంపెనీలకు అప్పగిస్తాయి. రెండుచోట్లా తొలి మెట్టు ఇన్వెంటరీ ఎగ్జిక్యూటివ్, మాస్టర్ డేటా అనలిస్ట్, సేఫ్టీ విభాగంలో అసిస్టెంట్ వంటి పేర్లతో ఉంటుంది. ఐటీ సేవల కంపెనీల్లో ఇదే పనిని సపోర్ట్ అనలిస్ట్, ఫంక్షనల్ కన్సల్టెంట్ అంటారు. ఎస్‌ఏపీ పాత వెర్షన్‌కు సాధారణ మద్దతు 2027 చివరికి ముగుస్తుంది కాబట్టి కంపెనీలు కొత్త వెర్షన్‌కు మారుతున్నాయి. మారేటప్పుడు పాత సిస్టమ్‌లోని ప్రతి మెటీరియల్‌నూ ఒకసారి శుభ్రం చేయాలి. పైన చెప్పిన టోలీన్ 40 డిగ్రీల తప్పులు బయటపడేదీ, లేదా కొత్త సిస్టమ్‌లోకి భద్రంగా చేరిపోయేదీ అప్పుడే. ఈ పని పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకే ఇస్తారనుకోకండి. విసుగు పుట్టించే పని కాబట్టి తరచూ కొత్తవాళ్లకే వస్తుంది.

ఈ-కామర్స్ వైపూ ఇదే పని ఉంది. సెంటు సీసా, శానిటైజర్, నెయిల్ పాలిష్, పవర్ బ్యాంక్ అన్నీ ప్రమాదకర సరుకు లెక్కలోకి వచ్చేవే. విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలు విమానంలో వెళ్లాలంటే సరుకు రవాణా విమానమే కావాలి, ఛార్జింగ్ 30 శాతం మించకూడదు. అమ్మకందారు పంపిన సేఫ్టీ డేటా షీట్ చదివి, సరుకు ఏ తరగతిదో తేల్చే మనుషులు వాళ్లకు కావాలి.

బీఎస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ, కెమికల్ ఇంజినీరింగ్ వాళ్లకు ఇక్కడ సహజంగానే ఒక అడుగు ముందుంటుంది. వాళ్లు నేర్చుకోవాల్సింది గోదాము ప్రక్రియ: ఇన్వార్డ్, పుట్‌అవే, పికింగ్, సైకిల్ కౌంట్, డిస్పాచ్. బీకామ్, ఎంబీఏ, కంప్యూటర్స్ వాళ్లకు ప్రక్రియ త్వరగా వస్తుంది, డేటా షీట్ చదవడం కష్టమవుతుంది. రెండూ నేర్చుకోదగినవే. సేఫ్టీ వైపు స్థిరపడాలనుకునే వాళ్లకు ఇండస్ట్రియల్ సేఫ్టీ అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఉంది. విమాన కార్గో వైపైతే ఐయాటా ప్రమాదకర సరుకుల శిక్షణ అడుగుతారు. వేలకు వేలు పోసి ఎస్‌ఏపీ కోర్సులో చేరే ముందు మాత్రం సిలబస్‌లో ప్రమాదకర సరుకుల నిర్వహణకు ఎన్ని తరగతులు ఉన్నాయో అడగండి. ‘అదంతా వచ్చేస్తుంది’ అంటే రాదని అర్థం.

డబ్బు ఖర్చు లేకుండా ఇంట్లో కూర్చుని చేయగలిగేది ఒకటుంది. ఈఆర్‌పీనెక్స్ట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మన దేశంలో తయారైందే, ఉచితంగా దొరుకుతుంది. స్టాక్, బ్యాచ్, పుట్‌అవే రూల్ అన్నీ ఉన్నాయి. ఒక 25 రసాయనాలు ఎంచుకుని, వాటి డేటా షీట్లు ఇంటర్నెట్‌లో దించుకుని, ఒక ఊహా గోదాము కట్టండి. ఏది దేని పక్కన ఉండకూడదన్న నియమం మీరే రాసుకోవాలి. అక్కడే అసలు నేర్పు. ఒకే రసాయనానికి రెండు కంపెనీలు ఇచ్చిన డేటా షీట్లలో ఫ్లాష్ పాయింట్ తేడాగా ఉండటం మీకు తప్పకుండా ఎదురవుతుంది. ఏ అంకె తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు అన్నది ఒక పేజీలో రాసి ఉంచుకోండి. ఇంటర్వ్యూలో ఆ పేజీ మీద ఐదు నిమిషాలు మాట్లాడగలిగిన ఫ్రెషర్‌ను, ఆదేశాల కోడ్‌లు యాభై అప్పజెప్పిన ఫ్రెషర్ కంటే ముందు గుర్తుపెట్టుకుంటారు.

ఉద్యోగంలో చేరాక వచ్చే ఒత్తిడి గురించి కూడా ఒక మాట. సిస్టమ్ ‘ఇక్కడ పెట్టకూడదు’ అని ఆపినప్పుడు దాన్ని దాటవేసే అధికారం కొందరికి ఉంటుంది. లారీ బయట ఆగి ఉంది, డ్రైవర్ అరుస్తున్నాడు, సూపర్‌వైజర్ మీ భుజం మీద చెయ్యేసి ‘ఈ ఒక్కసారికి ఓవర్‌రైడ్ కొట్టెయ్ బాబూ, రేపు పొద్దున సర్దేద్దాం’ అంటాడు. ఓవర్‌రైడ్ కొట్టిన ఐడీ, తేదీ, సమయం సిస్టమ్‌లో ఉండిపోతాయి. ఆ ఐడీ మీది. కాబట్టి చేరిన మొదటి వారంలోనే మేనేజర్‌ను అడిగి తెలుసుకోండి, ఓవర్‌రైడ్‌కు రెండో మనిషి ఆమోదం అవసరమా, కారణం రాయాలా, రాస్తే ఎవరు చదువుతారు అని.

ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా’ అంటారు కదా. అప్పుడు జీతం పెంపు గురించి కాకుండా ఇది అడగండి: ‘సర్, రాత్రి రెండింటికి కరెంటు పోయి, సర్వర్ ఆగి, ఫైర్ ఇంజిన్ గేటు దగ్గరికి వస్తే, లోపల ఏముందో చెప్పే జాబితా ఎవరి దగ్గర ఉంటుంది?’ కొన్ని కంపెనీల్లో సెక్యూరిటీ గదిలో ఆరోజు తీసిన ప్రింట్ ఉందని వెంటనే చెబుతారు. కొన్నిచోట్ల ఎదుటి వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.